మూడుసార్లు తెరిచిన వార్డు

పెళ్ళి విందులో అందరికంటే ముందు నవ్వింది జిల్లా అధిపతే. హాల్లో ఉన్నవాళ్ళంతా చూశారు. రెండు రోజులు తిరిగేసరికి ఆ నవ్వు ఒక్కరికీ గుర్తు లేకుండా పోయింది.

అక్-జార్ పట్నంలో పెళ్ళి విందంటే మైకు బూరుల్ చేతిలో ఉండాల్సిందే. ఏ పెద్దాయన పళ్ళెంలో గొర్రె మాంసం ఏ ఎముకతో పడాలో, ఎవరి తర్వాత ఎవరిని లేపి దీవెన చెప్పమనాలో ఆమెకి తెలుసు. వియ్యంకుల మధ్య మాట ముదురుతోందని దూరం నుంచే పసిగట్టి వాయిద్యాలవాళ్ళకి కన్నుగీటేది. ఆ పాట ముగిసేలోపు ఆ గొడవా చల్లారిపోయేది. ఏభైకి దగ్గర పడుతున్న మనిషి. గొంతు మాత్రం ఇప్పటికీ కంచుగంటే.

ఆ శనివారం మట్టి క్వారీ నడిపే ఎసెన్‌కుల్ ఆఖరి కొడుకు పెళ్ళి. జిల్లా అధిపతిని పైవరస నడిమధ్యన కూర్చోబెట్టారు. బూరుల్ వెన్న కలిపిన టీ ఒక గుక్క మింగి, గొంతు సవరించుకుని, పెళ్ళికూతురి వైపు తిరిగింది.

"అమ్మాయీ, పిల్లాపాపలతో నీ ఇల్లు కళకళలాడాలి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. పెళ్ళి ఒక్కసారే అవ్వాలి, కాన్పులు నాలుగైదు అవ్వాలి. మన ప్రసూతి వార్డుని చూసి నేర్చుకోకు. దానికి ముచ్చటగా మూడుసార్లు రిబ్బను కత్తిరించారు, ఇంతవరకూ ఒక్క కాన్పూ కాలేదు!"

జిల్లా అధిపతి ఫక్కున నవ్వాడు. బంగారు పన్ను బయటపడింది. ఆయన నవ్వాడు గనక మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. హాలు హాలంతా ఊగిపోయింది. ఆడవాళ్ళు బల్లలు చరిచారు. ఒక ముసలావిడ తలగుడ్డ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నిజమే తల్లీ, నిజమే!" అని అరిచింది. అప్పుడు జిల్లా అధిపతి కంట పడింది, పక్క బల్ల దగ్గర వీడియో తీస్తూ పైకి లేచిన ఫోను. ఆయన నోరు మూసుకున్నాడు. మాంసం సగంలో ఉండగానే, వేరే పనుందని లేచి వెళ్ళిపోయాడు.

ఆదివారం సాయంత్రానికి ఆ మాట దేశమంతా తిరిగింది.

సోమవారం పొద్దున్నే మొదటి ఫోను ఎసెన్‌కుల్ దగ్గర్నుంచి. "నీకు నేనేం ద్రోహం చేశాను బూరుల్? నా కొడుకు పెళ్ళిలో నిప్పు పోశావు. నా మట్టి లైసెన్సు సంతకం కోసం అధిపతిగారి బల్ల మీదే ఉంది." రెండో ఫోను విందు హాలు యజమానిది. మార్చి నెల పెళ్ళిళ్ళకి వేరే మనిషిని చూసుకున్నారట. మూడోది జిల్లా ఆఫీసు నుంచి.

ఫోను చేసింది మెదెర్‌బెక్. సాంస్కృతిక శాఖ చూస్తాడు. వెంటనే ఆఫీసుకి రమ్మన్నాడు. ఒకప్పుడు బూరుల్ నడిపిన విందుల్లో మూడు తీగల కొముజ్ వాయిస్తూ పాడేవాడు. అతని తడబాటుని తన మాటలతో కప్పేసి, "మళ్ళీ పాడమంటారా?" అని జనాన్ని ఉసిగొల్పి, చప్పట్లు కొట్టించింది ఆమే. ఇప్పుడు మెడకి టై, బల్ల మీద జెండా.

"కూర్చోండక్కా. టీ తెప్పించనా?"

"పిలిచింది టీకా?"

"కోపం తెచ్చుకోకండి. మనది ప్రజాస్వామ్యం. మాట్లాడొద్దని ఎవరన్నారు? విమర్శించండి, మీ హక్కు. కాకపోతే దేనికైనా ఒక చోటుంటుంది."

"ఆ చోటేదో చూపించు. వెళ్ళి అక్కడే మాట్లాడతా."

"గుమ్మంలో ఫిర్యాదుల పెట్టె ఉందిగా."

"దాని తాళంచెవి పోయి రెండేళ్ళయిందని నాకు చెప్పి నవ్వింది నువ్వే."

మెదెర్‌బెక్ దగ్గాడు. టై ముడిని కొంచెం కిందికి లాగాడు. "అది కాదక్కా సంగతి. విమర్శ వేరు, తప్పుడు సమాచారం వేరు. రెండోదానికి చట్టముంది. మీరు మూడుసార్లు అన్నారు. రికార్డు ప్రకారం ప్రారంభోత్సవం రెండుసార్లే జరిగింది. మూడోది యంత్రాల పరిచయ కార్యక్రమం."

"రిబ్బను కత్తిరించారా, లేదా?"

"కత్తిరించారు."

"పాట పెట్టారా?"

"నేనే పాడాను."

"మరి?"

"పరిచయ కార్యక్రమంలో పాడాను," అన్నాడు మెదెర్‌బెక్ నేల చూపులు చూస్తూ.

బూరుల్‌కి నవ్వు రాలేదు. మెడ నరాల్లోంచి వేడి పైకి ఎక్కుతోంది. ఇలాంటి మాట విందులో ఎవరైనా అంటే అక్కడికక్కడే ఏకిపారేసేది. ఇక్కడ వినేవాళ్ళు లేరు. గోడ మీద గడియారం, మూలన ఎండిన పూలకుండీ.

అతను ఒక కాగితం ముందుకి జరిపాడు. బయటి శక్తుల ప్రోద్బలంతో బూరుల్ అబద్ధం చెప్పినట్టూ, వార్డు చక్కగా నడుస్తుంటే కళ్ళారా చూసి సిగ్గుపడినట్టూ, జిల్లా ప్రజలకి క్షమాపణ చెప్పుకుంటున్నట్టూ అందులో ఉంది.

"బయటి శక్తులెవరయ్యా?"

"అది మామూలుగా రాసేదే అక్కా. అందరికీ అదే రాస్తాం."

"చదవనంటే?"

మెదెర్‌బెక్ టీ గిన్నె అంచు మీద వేలు గుండ్రంగా తిప్పాడు. "మీ కోడలు ఆ వార్డులోనే కదా మంత్రసాని. కొండ కనుమ మీద ఆరోగ్య కేంద్రంలో మనిషి లేరట. మంచు కరిగేదాకా దిగి రావడానికి ఉండదు పాపం. నేను బెదిరించడం లేదక్కా. నా చెవిన పడింది, మీ చెవిన వేస్తున్నా."

బూరుల్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో తోసింది.

ఇంటికి వచ్చేసరికి నూర్జాత్ పిండి పిసుకుతోంది. మోచేతుల దాకా పిండి. అత్తగారు బూట్లు విప్పుతున్న చప్పుడు విన్నా తల తిప్పలేదు. బూరుల్ కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇంట్లో ఉండేది ఇద్దరాడవాళ్ళే. గొడవొస్తే సర్దిచెప్పడానికి మూడో మనిషి లేడు.

"ఆసుపత్రి పెద్ద డాక్టరు పిలిచాడు," అంది నూర్జాత్. "కనుమ మీదికి బట్టలు సర్దుకోమన్నాడు. మీ అత్తగారి నోటికి తాళం వేయించగలిగితే ఆలోచిస్తాడట."

"వాడి మొహం."

"వాడి మొహం సరే. ఆ మాట ఎవరిదత్తయ్యా?"

బూరుల్ విప్పిన బూట్లని గోడవారకి జరిపింది.

"పది రోజుల కిందట ఇక్కడే, ఈ పీట మీద కూర్చుని నేనన్న మాట. మూడుసార్లు పెళ్ళయింది, కడుపు పండలేదు అని." నూర్జాత్ పిండి ముద్దని పైకెత్తి బల్ల మీద కొట్టింది. "రోజూ వెళ్ళి ఆ ఖాళీ గదికి తాళం తీసేది నేను. మంచాలు తుడిచి, యంత్రాల మీద ప్లాస్టిక్ కవరు సర్ది, సాయంత్రం తాళం వేసుకొచ్చేది నేను. నొప్పులతో వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే, కాన్పుల డాక్టరు లేరమ్మా, కనుమ దాటి వెళ్ళండి అని పంపేసేది నేను. వాళ్ళ మొహాలు చూసేది నేను. ఆ కడుపుమంటతో వంటింట్లో ఒక మాటన్నాను. మీరు దాన్ని అడక్కుండా పట్టుకెళ్ళి మైకులో పెట్టి చప్పట్లు కొట్టించుకున్నారు."

"అన్నది నిజమే కదే!"

"నిజమే. నిజం నాది, చప్పట్లు మీవి. బదిలీ మళ్ళీ నాది."

బూరుల్ పొయ్యి దగ్గరికెళ్ళి, అక్కర్లేకపోయినా బొగ్గు ఎగదోసింది.

"చదివేస్తాను," అంది చివరికి. "కాగితమే కదా. చదివేస్తే పోతుంది."

"చదవమని నేననలేదు."

"వద్దనీ అనలేదు."

నూర్జాత్ పిండి మీద తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు రొట్టెల కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు బూరుల్ చెయ్యి నొక్కారు. నొక్కేముందు అటూ ఇటూ చూశారు. "బాగా అన్నావక్కా," అని గుసగుసలాడిన మనిషే, వెనకాల ఎవరో వస్తే, "అయినా పెళ్ళిలో అలాంటివి ఎందుకులే," అని గొంతు పెంచింది. రిటైరైన లెక్కల మాస్టారు రోడ్డు అవతల నుంచే కర్ర ఎత్తి, "దేశం పరువు తీశావు! ఎంత ముట్టింది?" అని అరిచాడు. ఆయన మనవరాలు కూడా కనుమ అవతలి ఆసుపత్రిలోనే పుట్టింది. బూరుల్‌కి ఆఫీసు మీదున్న కోపం కంటే, ఆ నిమిషాన ఈ చెయ్యి నొక్కినవాళ్ళ మీదా, కర్ర ఎత్తినవాడి మీదా ఎక్కువ వచ్చింది. రొట్టెలు తీసుకోవడం మరిచిపోయి వెనక్కి వచ్చేసింది.

గురువారం మధ్యాహ్నం వార్డులోనే క్షమాపణ అన్నారు. అదీ ఫోనులో ప్రత్యక్ష ప్రసారంగా. ఇంతకు ముందు ఒక పశువుల డాక్టరు చేత ఇలాగే చెప్పించి వీడియో పెడితే, కత్తిరించి అతికించారని జనం ఎగతాళి చేశారట. ఈసారి ఆ మాట రాకూడదని పైనుంచి ఆజ్ఞ. గది పెద్దది, గొంతు గోడలకి తగిలి మోగుతుంది, నీ మైకు నువ్వే తెచ్చుకో అని మెదెర్‌బెక్ చెప్పాడు.

బూరుల్ నిజంగా చదవడానికే వెళ్ళింది. దారిలో రెండుసార్లు లోలోపల చదువుకుంది కూడా. బయటి శక్తులు అన్న చోట గొంతు తగ్గించి, క్షమాపణ అన్న చోట తలొంచి, గబగబా కానిచ్చేసి కోడల్ని కిందనే ఉంచుకోవాలి. అంతే.

వార్డు తలుపు తీయగానే కొత్త రంగు వాసన, దాని వెనకే చలి. గోడవార వేడి గొట్టాలు ముట్టుకుంటే ఐసు. కానీ మంచాల నిండా మనుషులు! పువ్వుల గౌన్లు వేసుకుని ఐదారుగురు ఆడవాళ్ళు మెడ దాకా దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. బూరుల్ మొహాలు చూసింది. మొదటి మంచంలో జిల్లా ఆఫీసు టెలిఫోను ఆవిడ. ఆమె పెద్ద కొడుకు పెళ్ళికి బూరులే మైకు పట్టింది. రెండో మంచంలో పాస్‌పోర్టుల గదిలో ముద్రలు కొట్టే ఆవిడ. మంచాల కిందనుంచి బురద అంటిన చలికాలం బూట్లు తొంగి చూస్తున్నాయి. చివరి మంచంలో భూముల విభాగంలో టైపు చేసే మేరిమ్ గోడవైపు తిరిగి పడుకుంది.

నూర్జాత్ తెల్లకోటు వేసుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆమెని అక్కడ నిలబడమన్నారు. అత్తగారిని చూసి ఏదో చెప్పబోయింది. మెదెర్‌బెక్ అడ్డు వచ్చాడు.

"మీరిక్కడ నిలబడండక్కా. కాగితం తెచ్చారుగా? మొదలెడదామా?"

ఆఫీసు ఫొటోగ్రాఫరు మూడుకాళ్ళ స్టాండు మీద ఫోను బిగించి, వేలితో నొక్కి, తలూపాడు.

బూరుల్ మైకు ఆన్ చేసింది. అలవాటు ప్రకారం తొడుగు మీద రెండుసార్లు తట్టింది. "ప్రియమైన జిల్లా ప్రజలారా," అని చదవడం మొదలెట్టింది.

అప్పుడే మొదటి మంచం మీదినుంచి ఒక కేక. టెలిఫోను ఆవిడ పక్కన, బొంతల్లో చుట్టిన పసిబిడ్డ. ఎవరి బిడ్డనో అరువు తెచ్చారు. చలికో, కొత్త మొహాలకో వాడు కాళ్ళతో బొంత తన్నేసి, మెడ నిటారుగా ఎత్తి బూరుల్ వైపు చూశాడు. నోరు తెరిచి ఏడిస్తే కింది చిగురుకి రెండు పళ్ళు కనిపించాయి.

బూరుల్ చదవడం ఆపింది. కాగితం ఇంకా చేతిలోనే ఉంది. మెడ నరాల్లో సోమవారం నాటి వేడి మళ్ళీ ఎక్కింది. ఈసారి వినేవాళ్ళున్నారు.

"శుభాకాంక్షలు చెల్లీ!" ఆమె గొంతు విందు హాల్లోలా గణగణ మోగింది. "ఎప్పుడు పుట్టాడు?"

టెలిఫోను ఆవిడ మెదెర్‌బెక్ వైపు చూసింది. "నిన్న," అంది నీరసంగా.

"నిన్న పుట్టినవాడికి ఇవాళ రెండు పళ్ళా! మన జిల్లా గాలే గాలి! రేపటికి ఓటు కూడా వేస్తాడు."

స్టాండు వెనక ఫొటోగ్రాఫరు పెదవి కొరుక్కున్నాడు. మెదెర్‌బెక్ రెండు చేతులూ గాల్లో ఆడిస్తూ కాగితం, కాగితం అని సైగ చేస్తున్నాడు. బూరుల్ అతని వైపు చూడనేలేదు. మంచాల మధ్యగా నడిచింది. "నీకేంటమ్మా?" "మగ... మగపిల్లాడు." "ఏడీ?" "వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడు." "ఎక్కడికి, ఆఫీసుకా?" ముద్రల ఆవిడ దుప్పటి తల మీదికి లాక్కుంది. బూరుల్ ఇక ఆగే స్థితిలో లేదు. ఒక్కో మంచం దాటుతుంటే కోపం ఒక్కో మాటై దూకుతోంది. వెనకనుంచి నూర్జాత్ అంటోంది, "అత్తయ్యా, ఆ చివరి మంచం వద్దు. వద్దత్తయ్యా." వినపడింది. వినిపించుకోలేదు.

"మరి నీకో, మేరిమ్? ఆడపిల్లా, మగపిల్లాడా? పేరేం పెట్టావు?"

మైకు ఆమె మొహం ముందు పెట్టింది.

మేరిమ్ గోడ వైపు నుంచి మెల్లిగా ఇటు తిరిగింది. ఆ మొహం చూడగానే బూరుల్‌కి అర్థమైంది, తను ఏదో చెయ్యకూడని పని చేసిందని. ఎన్నో విందుల్లో ఎన్నో మొహాలు చదివిన మనిషి. కళ్ళెర్రగా లేవు, ఏడుపూ లేదు. ఎప్పుడో ఏడ్చి వదిలేసిన మొహం. బూరుల్ మైకు వెనక్కి తీసుకోబోయింది.

మేరిమ్ లేచి కూర్చుని, మైకుని రెండు చేతులతో పట్టుకుంది. వదల్లేదు.

"ఆడపిల్ల," అంది. "ఐపెరి అని పెట్టుకున్నాను."

అరువు బిడ్డ ఏడుపు ఆపాడు.

"పోయిన చలికాలంలో. ముందు ఇక్కడికే వచ్చాం. అప్పటికి దీన్ని రెండుసార్లు తెరిచారు. మూడోసారి ఆ తర్వాత. డాక్టరు లేరు, కనుమ దాటి వెళ్ళమన్నారు. కనుమ మీద లారీలు అడ్డంగా ఆగిపోయాయి. టాక్సీలోనే అయింది. ఒకసారి ఏడ్చింది. నేను విన్నాను. మా ఆయన వినలేదంటాడు, నేను విన్నాను. చుట్టడానికి ఏమీ లేక డ్రైవరు తన కోటిచ్చాడు. ఊళ్ళో దీపాలు కనిపించేసరికి..." ఆగింది. "నిన్న ఆఫీసులో చెప్పారు, వచ్చి ఈ మంచంలో పడుకోమని. తల్లిలా కనిపించాలన్నారు."

"ఆపు! ఆపెయ్!" మెదెర్‌బెక్ గొంతు చీలిపోయింది. ఫొటోగ్రాఫరు ఫోను మీద వంగాడు. ఒక వేలితో నొక్కాడు, ఇంకో వేలితో నొక్కాడు. "చలికి బిగుసుకుపోయిందండీ, రావట్లేదు," అన్నాడు. చెమట పట్టిన అతని నుదురు చూస్తే చలి మాట ఎవరూ నమ్మరు. మెదెర్‌బెక్ పరుగున వెళ్ళి ఫోనుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ రోజు ఆ ప్రసారం చూసినవాళ్ళకి ఆ తర్వాత కనిపించిందల్లా గోధుమ రంగు కోటు, దానికి మూడు బొత్తాలు. వినిపించింది మాత్రం అంతా వినిపించింది.

నూర్జాత్ గుమ్మం వదిలి చివరి మంచం దగ్గరికి వచ్చింది. మైకు ముందుకి వంగింది.

"ఆ రోజు గుమ్మంలో నిలబడి వెళ్ళిపొమ్మన్నది నేనే. నా పేరు నూర్జాత్. ఈమె చెప్పింది ప్రతిదీ నిజం. ఇప్పుడూ ఇక్కడ కాన్పుల డాక్టరు లేడు. ఈ గదికి వేడి లేదు. వీళ్ళెవరూ బాలింతలు కారు."

ముందు లేచింది టెలిఫోను ఆవిడ. దుప్పటి తోసేసి, వంగి బూట్లు వెతుక్కుంది. అరువు బిడ్డని బొంతలో గట్టిగా చుట్టి గుండెకి హత్తుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచింది. ఆమె వెనకే మిగతావాళ్ళు. ఫొటోగ్రాఫరుకి అప్పుడు గానీ బొత్తం దొరకలేదు.

బయట మెట్ల మీద ఎండ ఉంది గానీ గాలి కోస్తోంది. మేరిమ్ పువ్వుల గౌను మీదే కోటు తొడుక్కుని మెట్టు మీద కూర్చుంది. నూర్జాత్ తన శాలువా తీసి ఆమె మోకాళ్ళ మీద కప్పింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

మెదెర్‌బెక్ ఫోను చెవికి పెట్టుకుని బయటికి వచ్చాడు. అవతలివాళ్ళు అరుస్తున్న చప్పుడు ఇవతలికి వినిపిస్తోంది. "అలాగేనండి, అలాగేనండి," అంటూనే బూరుల్ వైపు తిరిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీరు క్షమాపణ చదవలేదక్కా. ఇప్పుడైనా చదవండి. నన్ను బతకనివ్వండి."

బూరుల్ కాగితం అతని చేతిలో పెట్టేసింది. తర్వాత మేరిమ్ కంటే ఒక మెట్టు కింద కూర్చుంది. మైకు లేకుండా మాట్లాడటం ఆమెకి ఆ నిమిషాన చాలా కష్టమనిపించింది.

"తప్పయిపోయింది తల్లీ. వాళ్ళని ఎగతాళి చెయ్యబోయి నీ పుండు మీద చెయ్యేశాను. నూర్జాత్ వద్దంటున్నా వినలేదు. నన్ను క్షమించు."

మేరిమ్ బూటు తాడు కట్టుకుంటోంది. ముడి పడటం లేదు.

"మీరు అడిగారు కదక్కా," అంది తలెత్తకుండా. "పేరేం పెట్టావని ఇంతవరకూ ఎవ్వరూ అడగలేదు. మా అత్తగారు కూడా."

పోలీసు జీపు బురద చిమ్ముకుంటూ వచ్చి ఆగింది. దిగిన కుర్ర పోలీసు టోపీ సర్దుకుని, తన పెళ్ళిలో మైకు పట్టిన మనిషి కళ్ళలోకి చూడలేక జీపు చక్రం వైపు చూస్తూ, "అక్కా, మిమ్మల్ని ఒకసారి స్టేషనుకి తీసుకురమ్మన్నారు," అన్నాడు.

బూరుల్ లేచింది. ఆమెకంటే ముందే నూర్జాత్ జీపు ఎక్కి అవతలి కిటికీ దాకా జరిగింది. మేరిమ్ ముడి పడని బూటుతోనే మెట్లు దిగి ఆమె పక్కన కూర్చుంది.

"ఒక్కరినే రమ్మన్నారండీ," అన్నాడు పోలీసు గాబరాగా. "ముగ్గురెందుకు?"

"మాట్లాడింది ముగ్గురం," అంది మేరిమ్. పక్కకి జరిగి బూరుల్‌కి చోటిచ్చింది.